సుక్రి కోసం మోగిన తుడుం

1976, కార్తీక మాసం. అరకు స్టేషన్‌లో దిగి, గంటసేపు జీపులో నడుములు విరగ్గొట్టుకుంటే వచ్చే ఒక గెస్ట్‌హౌస్‌కి అప్పట్లో నేను మేనేజర్ని. మేనేజరన్నది పేరుకే. బాయిలర్ పొగ చిమ్మినా, దుప్పటి కంపు కొట్టినా, కాఫీలో పాలు ఎక్కువైనా అందరూ నన్నే కేకేసేవాళ్ళు. మాది పార్వతీపురం. కొండ గాలి ఆరోగ్యానికి మంచిదని మా మావయ్య ఈ ఉద్యోగంలో పెట్టించాడు. కొండ గాలి సంగతేమో గానీ నాకు కోపం మాత్రం బాగా ముదిరింది.

మాది ఫుల్ బోర్డ్ పద్ధతి. అంటే గది, మూడు పూటలా భోజనం, వేడినీళ్ళు, స్టేషన్ నుంచి జీపు, తెల్లారగానే మంచం దగ్గరికే తెచ్చిచ్చే బెడ్ టీ, అన్నీ ఒకే అద్దెలో వచ్చేస్తాయి. అతిథి చెయ్యాల్సిందల్లా వరండాలో కూర్చుని లోయలో వలిసె పూలు చూడ్డమే. విశాఖలో ఉండే మా ఓనరు మాత్రం వీటన్నిటికంటే నిశ్శబ్దాన్నే గొప్పగా చెప్పుకునేవాడు. రేడియో పెట్టొద్దు, హారన్ కొట్టొద్దు, వంటింట్లో గిన్నెలు చప్పుడు చెయ్యొద్దు అని మాకు రూళ్ళు. నాది అసలే పెద్ద గొంతు. ఆ ఉద్యోగంలో నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు.

మా దగ్గర దుప్పట్లు ఉతకడానికి, గదులు తుడవడానికి బుద్రి అని ఒకావిడ ఉండేది. గెస్ట్‌హౌస్ కిందనే వాళ్ళ గూడెం. మొగుడు ఎప్పుడో పోయాడు. ఉన్నది ఒక్క కూతురు, సుక్రి. సోమ్రా అనే కుర్రాణ్ణి అల్లుడిగా ఇల్లరికం తెచ్చుకుంది. అతనిది ఎక్కడో ఒడిశా వైపు చదునులో ఉన్న ఊరు. అతను వచ్చి ఏడాది కూడా కాలేదు. సుక్రి అంతకు కొద్ది రోజుల ముందే ఆడపిల్లని కంది. కన్న దగ్గర్నుంచీ వదలని జ్వరం.

"ఏటే బుద్రీ, గుంటకెలాగుంది?" అని రోజూ అడిగేవాణ్ణి. మా వైపు ఆడపిల్లని గుంట అంటాం.

"ఉంది బావూ. మందు నూరి పోత్తన్నాను" అనేది.

"ఆస్పత్రికి తీసికెల్దాం, జీపుంది కదా" అంటే, "బాలింతని ఈ సలిగాలిలో కదపకూడదు బావూ, మా ముసిలోల్లు ఒప్పుకోరు" అనేది. నేను అరిచేవాణ్ణి. ఆమె నవ్వి ఊరుకునేది.

ఆ వారం ఇద్దరే అతిథులు, భార్యాభర్తలు. ఆయన కాలేజీ ప్రిన్సిపాలుగా చేసి, గుండెపోటు వచ్చి బతికి బయటపడ్డాడు. మనిషి గోడకి జారబడి కూర్చుంటే గోడ ఏదో మనిషేదో తెలిసేది కాదు, అంత పాలిపోయి ఉన్నాడు. ఆవిడ పేరు శారదమ్మ గారు. డాక్టరు ఆయనకి పూర్తి విశ్రాంతి అన్నాడట, చిన్న అదురుపాటు కూడా తగలకూడదన్నాడట. ఆవిడ ఆయన ఊపిరి లెక్కపెడుతూ కూర్చునేది. తను నిద్రపోవడం నేను చూడలేదు. పాపం, వచ్చిన రోజే నన్ను పక్కకి పిలిచి, "మేనేజరు గారూ, ఇక్కడ చప్పుడేమీ ఉండదు కదండీ?" అని అడిగింది.

"ఉండదమ్మా. పిట్టలు తప్ప" అన్నాను.

సంత రోజు పొద్దున్నే బుద్రి నా దగ్గరికొచ్చింది. మొహం తేటగా ఉంది.

"జోరం తగ్గింది బావూ. అంబలి తాగింది గుంట. ఈ పూట పనికి రాను, అవతల కొండ మీద మా సోళ్ళ పోడుందా, పందులు పడి దున్నేత్తన్నాయంట. మంచె మీద కూకుని రేపు పొద్దున్నొచ్చేత్తాను."

చోళ్ళంటే రాగులు, పోడంటే కొండవాలు చేను. ఏడాది తిండి అది. అయినా నా గుబులు నాది. "మళ్ళీ జ్వరం వస్తేనో?" అన్నాను.

"తుడుం కొడతారు గదా. ఇనపడితే బేగి వచ్చేత్తాను."

ఆ తుడుం సంగతి చెప్పాలి. పెద్ద కుండకి తోలు బిగించినట్టుండే వాయిద్యం అది. కొండ మీద టెలిఫోన్లు లేవు. ఎవరికైనా ప్రాణం మీదికొస్తే మా గెస్ట్‌హౌస్ వెనకున్న ఎత్తు బండ ఎక్కి దాన్ని వాయిస్తారు. అక్కణ్ణుంచయితే అవతలి కొండకి కూడా వినపడుతుంది. దూరాన పోడుల్లో ఉన్న అయినవాళ్ళు ఆ మోత విని పరుగెత్తుకొస్తారు. మనిషి తేరుకుంటే మోత ఆపేస్తారు, ఇక కంగారు పడక్కర్లేదని. మనిషి పోతే మాత్రం ఆగదు. వరస మార్చి, చితి ఆరేదాకా వాయిస్తూనే ఉంటారు. ఆ కొండల్లో పుట్టినవాళ్ళకి ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు.

బుద్రి అటు వెళ్ళింది. నేనూ, వంటవాడూ, డ్రైవరూ కూరగాయలకి సంతకి దిగాం. సంత రోజున మేము వచ్చేసరికి పొద్దు వాలిపోతుంది. ప్రిన్సిపాలు గారికి చప్పిడి వంట పొద్దున్నే చేసిపెట్టాం.

తిరిగి వచ్చేసరికి లోయలో మంచు దిగుతోంది. శారదమ్మ గారు వరండాలో నిలబడి ఉంది. ఆవిడ మొహం చూస్తే ఎన్నాళ్ళకో కాస్త తెరిపిన పడ్డట్టుంది. చెయ్యెత్తి, నెమ్మదిగా మాట్లాడమని సైగ చేసింది.

"నిద్రపోతున్నారండి. పొద్దున మీరు వెళ్ళిన కాసేపటికి వెనక బండ మీద ఎవరో డప్పులాంటిది మొదలుపెట్టారు. ఒక్కొక్క దెబ్బకీ ఈయన ఉలిక్కిపడి గుండె పట్టుకుంటున్నారు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఎవరూ లేరు కదా, నేనే వెళ్ళాను. చేతులు జోడించి ఏడ్చేశాను. పాపం, మంచి కుర్రాడండీ. ఒక్క మాట అనలేదు. మా ఆయనకి ప్రాణం మీదికొచ్చిందని చెబితే, దాన్ని భుజాన వేసుకుని కిందికి దిగిపోయాడు. కింద ఊళ్ళో కొడుతున్నట్టున్నారు గానీ ఇక్కడికి అంతగా వినపడట్లేదు."

నా చేతిలో ఉల్లిపాయల గోనె అక్కడే వదిలేశాను. గూడెంలోకి దిగేసరికి వాగు ఒడ్డున పొగ లేస్తోంది. తుడుం మోగుతూనే ఉంది, చావు వరసలో. సోమ్రా చేతులు వాచిపోయాయి. ఇంకొకరికి ఇవ్వకుండా తనే వాయిస్తున్నాడు.

మధ్యాహ్నం పోయిందట సుక్రి. పోయేముందు అమ్మ ఏదని అడిగిందట. తడవతడవకీ అడిగిందట. బాలింత శవాన్ని పొద్దు గూకేదాకా ఉంచకూడదని వాళ్ళ ఆచారం. తల్లి కోసం ఆపగలిగినంతసేపు ఆపి, ఇక లాభం లేదని నిప్పు పెట్టారు.

"అత్త రానేదు బావూ" అన్నాడు సోమ్రా, వాయిస్తూనే. "ఇంతసేపు కొడతన్నాను, ఎందుకు రానేదు?"

గూడెం పెద్దాయన నా పక్కకి వచ్చి నిలబడ్డాడు. పొద్దున్న ఆయన కూడా పోడులో ఉన్నాడు. మోత విని దిగి వచ్చేసరికి తుడుం గూడెం మధ్యలో ఉంది. బుద్రి కూడా ఆ మోత విని దారిలోనే ఉండి ఉంటుందనుకున్నాడట.

"బండ మీదినుంచి ఎందుకు దింపినావురా?" అని సోమ్రాని మెల్లగా అడిగాడు.

"గెస్టవుసులో బావుకి పానం మీదికొచ్చిందంట. ఆ అమ్మ కాళ్ళు పట్టుకోబోనాది. ఒకోళ్ళ సావు పక్కన మనం మోత పెడతావేటని దిగిపోనాను. ఏడ కొట్టినా మోతే గదా తాతా."

చదునులో పుట్టినవాడికి అంతే. వాళ్ళ ఊళ్ళో ఎక్కడ కొట్టినా నాలుగు వైపులా వినపడుతుంది. ఈ గూడెం పల్లంలో ఉంటుందనీ, మధ్యలో గట్టు అడ్డమొస్తుందనీ, కింద కొట్టిన మోత ఆ గట్టు దాటదనీ అతనికెవరు చెప్పారు? చీకటి పడితే ఆ దారిలో ఎలుగులు తిరుగుతాయి. బుద్రి దగ్గరికి మనిషిని పంపడానికి లేకపోయింది.

పొద్దున్న బుద్రి నేరుగా గెస్ట్‌హౌస్‌కే వచ్చింది. బెడ్ టీ ఇచ్చే వేళ అది. వీపున గంపలో దుంపలున్నాయి, కూతురి కోసం తవ్వి తెచ్చింది. నవ్వుతూ వచ్చింది. ఆ నవ్వు చూసి వంటవాడు లోపలికి తప్పుకున్నాడు. ఇక మిగిలింది నేను.

"నిన్న బయమేసిపోనాది బావూ" అంది గంప దించుతూ. "తుడుం ఇనపడింది. మంచె మీంచి దూకీసి పరుగెట్టినాను. సగం దారికొచ్చినానో లేదో, ఆగిపోనాది. హమ్మయ్య, గుంట లేసి కూకుందనుకుని మల్లా ఎనక్కెల్లిపోనాను. ఎలాగుంది బావూ? ఇంకో పాలి అంబలి తాగిందా?"

అరవడానికి నా గొంతు ఎప్పుడూ సిద్ధంగానే ఉండేది. ఆ పూట రాలేదు. "బుద్రీ, కూర్చో" అన్నాను. ఆమె కూర్చోలేదు. నా మొహం వంక చూస్తూనే ఉంది.

"సుక్రి ఇక లేదే" అన్నాను. "నిన్న మధ్యాహ్నమే పోయింది. నీ కోసం చూసి, చూసి, సాయంత్రం చితికి నిప్పు పెట్టేశారు."

ఆమె ఏడవలేదు. "మరి ఆగిపోనాది గదా" అంది. ఆ మాటే మళ్ళీ అంది. "ఆగిపోనాది గదా బావూ. నాను ఇన్నాను."

ఏం చెప్పాలి? చెప్పాను. ఎందుకు ఆగిందో, ఎవరు అడిగారో, ఎక్కడికి దింపారో, దాచకుండా అంతా చెప్పాను. ఇంకెవరి నోటనో వినడం కంటే నా నోట వినడమే మేలనిపించింది. చెప్పి తలెత్తేసరికి వరండా స్తంభం దగ్గర శారదమ్మ గారు నిలబడి ఉంది. మొదటి నుంచీ విన్నట్టుంది.

ఆవిడ మెట్లు దిగి వచ్చి బుద్రి ముందు మట్టిలో కూలబడింది. "నాకు తెలీదమ్మా. తెలిస్తే నేను..." అని అక్కడే ఆగిపోయింది. తెలిస్తే ఏం చేసేదో ఆవిడకీ తెలియలేదు. లోపల ఉన్నది కట్టుకున్నవాడు.

బుద్రి ఆవిడ వంక తిరిగి అడిగింది: "మీ బావుకి నిద్దరట్టిందా అమ్మా?"

ఎత్తిపొడుపు కాదది. నేను ఆమెని ఎరుగుదును, ఆమెకి ఎత్తిపొడవడం రాదు. నిజంగానే అడిగింది. శారదమ్మ గారు కొంగు నోట్లో కుక్కుకుని తల ఊపింది. బుద్రి గంప అక్కడే వదిలేసి వాగు వైపు దిగిపోయింది. గూడెంలోంచి ఆమె ఏడుపు వినపడేసరికి పొద్దు బాగా ఎక్కింది. ఈసారి ఎవరూ వెళ్ళి చప్పుడు చెయ్యొద్దనలేదు.

భార్యాభర్తలు ఆ మర్నాడే వెళ్ళిపోయారు. జీపెక్కేముందు శారదమ్మ గారు గూడెంలోకి వెళ్ళి, పసిగుంటని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని వచ్చింది. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

నేను ఓనరుతో తగువు పెట్టుకున్నాను. ఆ రోజు మొదలు గది తాళం ఇచ్చే ముందే ప్రతి అతిథికీ చెప్పేవాణ్ణి: వెనక బండ మీద తుడుం మోగొచ్చు, మోగితే ఆపమనడానికి వీల్లేదు, ఇష్టమైతేనే దిగండి అని. కొందరు వెనక్కి వెళ్ళిపోయారు. ఓనరు విశాఖ నుంచి వచ్చి మరీ తిట్టాడు. తిట్టనీ అనుకున్నాను.

బుద్రి మనవరాల్ని వీపున కట్టుకుని పనిలోకి వచ్చింది. ఒక వానాకాలం ఆమె దుప్పట్లు ఆరేస్తుండగా గూడెంలో ఎవరో ముసలాయన కోసం బండ మీద తుడుం మొదలైంది. ఆమె దుప్పటి వదిలేసి పరుగెత్తింది. దారి మధ్యలో ఉండగానే మోత ఆగింది. తనతో పరుగెత్తిన ఆడవాళ్ళందరూ నవ్వుకుంటూ వెనక్కి తిరిగారు. బుద్రి మాత్రం ఆగలేదు, అదే పరుగుతో ఆ ముసలాయన గుమ్మం దాకా వెళ్ళింది. ఆయన లేచి చుట్ట కాల్చుకుంటున్నాడట.

"ఆగిందిగా, మళ్ళీ ఎందుకెల్లావే?" అన్నాను తిరిగొచ్చాక.

"ఆగిందని ఎనక్కి తిరక్కూడదు బావూ" అంది, తడి దుప్పటి మళ్ళీ చేతిలోకి తీసుకుంటూ. "ఎల్లి కళ్ళతో సూసుకోవాల."

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది అదొక్కటే. అప్పటిదాకా ఎక్కడైనా చప్పుడు ఆగితే హాయిగా ఊపిరి పీల్చుకునేవాణ్ణి. ఇప్పుడు ఎవరి గొంతయినా ఉన్నట్టుండి ఆగిపోతే, చేతిలో పని పడేసి, ఎందుకు ఆగిందో వెళ్ళి చూసి వస్తాను.