పట్టాల్లేని రైలు

వరికోతలయ్యాక పొలాల్లో తడిగడ్డి పొగ వాసన వస్తే చాలు, ఈ వయసులోనూ ఏలూరులో గడిచిన ఒక ఉదయం గుర్తొచ్చి నా మనసు పాడైపోతుంది.

పందొమ్మిది వందల ముప్పయిల నాటి మాట. ఏలూరు మిల్లు షావుకారు ఒకాయన లారీకి రేకుతో ఇంజను మొహం తొడిగి, వెనక రెండు పెట్టెలు తగిలించి, పొగ కోసం గొట్టంలో తడిగడ్డి రాజేసి, గూడబాతులు దిగే శీతాకాలంలో జనాన్ని కొల్లేటి గట్టు దాకా తిప్పేవాడు. రోడ్డు మీద రైలు! ఆ కబురు తాడేపల్లిగూడెంలో మా మిషను బడికి చేరిన రోజు నుంచి మా చెల్లెలు మార్తకు నిద్ర లేదు. పసితనంలోనే జ్వరమొచ్చి దాని ఎడమకాలు చచ్చుబడింది. గొంతు కింద సంచి ఉండే ఆ గూడబాతును చూడాలని ఒకటే కోరిక, అంతదూరం నడవలేని పిల్ల.

నాన్నగారు ఆ బడిలోనే మేష్టరు. మాలపేటలో పుట్టి, బావి దగ్గరా హోటలు దగ్గరా దూరంగా నిలబడి పెరిగిన ఆయనకు రైలంటే భక్తి. "రైల్లో టిక్కెట్టొకటే అడుగుతారమ్మా, ఇంకేవీ అడగరు" అనేవారు. క్రిస్మస్ సెలవుల్లో ముగ్గురం అసలు రైలెక్కి, ఎవరెవరి మోచేతులో తగులుతుంటే అమ్మ కట్టిచ్చిన అరిసెలు తింటూ ఏలూరులో దిగాం.

రేకు రైలు దగ్గర షావుకారు గుమాస్తా మేం కొన్న టిక్కెట్లు చూడలేదు, మమ్మల్ని చూశాడు.

"ఏవండీ మేష్టారూ, తమరిది ఏ పేటండి?"

నాన్నగారు చెప్పారు. అబద్ధం ఆయనకు చేతకాదు.

"అయ్యో, ఏవీ అనుకోకండేం. లోపల పెద్దింటి ఆడవాళ్ళున్నారండి. ఇంకో ట్రిప్పుకి వద్దురుగాని."

తడిగుడ్డతో గొంతు కోయడమంటే అదే. ఇంకో ట్రిప్పు ఉండదని అతనికీ తెలుసు, మాకూ తెలుసు. నాన్నగారు మార్తనెత్తుకుని అలాగే నిలబడిపోయారు. నేను వీధిలోనే భోరుమన్నాను. మార్త ఏడవలేదు. నాన్నగారి గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"ఇది రైలు కాదండి నాన్నగారూ. పట్టాలేవండి? మన రైలెక్కి ఇంటికెళ్ళిపోదాం రండి."

తిరుగు ప్రయాణంలో ఆయన కిటికీలోంచి మొహం తిప్పలేదు. మళ్ళీ గూడబాతులు దిగేసరికి మార్త లేదు. ఇంకో జ్వరం పట్టుకుపోయింది.

ఈమధ్య మనవరాలు నన్ను కారులో కొల్లేరు తీసుకెళ్ళింది. ఆ నీళ్ళ స్థానంలో చేపల చెరువులు, చెట్ల స్థానంలో పక్షులు వాలడానికి ఇనప స్టాండ్లు. షావుకారు లేడు, ఆయన రైలూ లేదు. ఏ పేటని ఎవరూ అడగలేదు, పక్షుల కేంద్రం గేటు దగ్గరైతే.

"అదిగో తాతయ్యా, గూడబాతు! దాని సంచి చూడండి" అని మనవరాలు చెయ్యి చాపింది.

మార్త చూడని పక్షిని చూడటానికి మనసొప్పక నేను తల దించుకున్నాను.