దొర మింగేసిన ‘హ్యాడ్’

మా మేనమామ బెంగళూరు పేటలో ఒక మిడిల్ స్కూల్లో ఇంగ్లీషు చెప్పేవాడు. ఆయన ఇంగ్లీషు ముందు ఇంగ్లీషువాళ్ళు కూడా నిలవలేరని మా ఇంట్లో అందరికీ నమ్మకం. ఇంగ్లీషువాళ్ళెవరూ ఆయన పాఠం వినలేదు కాబట్టి ఆ నమ్మకానికి ఎన్నడూ ఢోకా రాలేదు.

ఆయన ప్రాణమంతా ‘హ్యాడ్’ మీద. జరిగిపోయిన రెండు పనుల్లో ముందు జరిగినదానికి హ్యాడ్ పెట్టాలి, పెట్టినాక దాన్ని ఇల్లు ఎగిరిపోయేలా పలకాలి. “ఐ హ్యాడ్ ఆల్రెడీ ఈటెన్” అని పిల్లలంతా ఒక్క గొంతుతో అరుస్తుంటే, వీధిలో పోయేవాళ్ళు బళ్ళో కొట్లాట జరుగుతోందని ఆగి చూసేవారు. అంతకుముందే తిన్నానని చెప్పడానికి అంత ఆవేశం ఎందుకో ఎవరికీ తెలియదు. ఆయన రెండో సూత్రం ఇంకా సులువు. ఏ మాట చివరనైనా ‘లీ’ తగిలిస్తే అది పని ఎలా జరిగిందో చెబుతుంది. స్లో అంటే నెమ్మది, స్లోలీ అంటే నెమ్మదిగా. ఇంత తేలికైన భాషను రెండు వందల ఏళ్ళుగా నేర్చుకోలేకపోయింది మన సోమరితనం వల్లేనని ఆయన బాధ.

అవి యుద్ధం రోజులు. మా నాయనకు బళేపేటలో గాజుల అంగడి. కంటోన్మెంటును మేము దండు అనేవాళ్ళం. దండులో ఆఫీసులకు టైపు వచ్చిన ఆడపిల్లలు కావాలంటున్నారని ఎవరో చెబితే, నాయన నన్ను అక్కడ ఒక ఆంగ్లో ఇండియన్ ఆవిడ నడిపే టైపు స్కూల్లో చేర్చాడు. అమ్మ మూడు పూటలు అన్నం మానేసి, నాలుగో పూట తిని, ఒప్పుకుంది.

ఆ టైపు టీచరమ్మ రోజంతా ఏవో కథలు చెబుతూనే ఉండేది. ఆవిడ నోట హ్యాడ్ అన్న మాట వినబడితే ఒట్టు. ఐ పక్కన, హీ పక్కన, షీ పక్కన ఒక చిన్న ‘డ్’ అంటించి ముందుకు పోయేది. “ఐడ్ జస్ట్ సాట్ డౌన్” అంటే అప్పుడే కూర్చున్నానని. “హీడ్ నెవర్ రిటెన్” అంటే, పటాలం వెంట పోయిన మొగుడు అప్పటిదాకా ఒక్క ముక్క రాయలేదని. మొదట్లో ఆ డ్ నా చెవికి ఆనేదే కాదు. రాను రాను తెలిసింది, డ్ దొరక్కపోయినా దాని వెనకే వచ్చే చిన్న మాటను పట్టుకుంటే చాలని. జస్ట్, నెవర్, ఆల్రెడీ: కథంతా వాటిలోనే ఉండేది.

ఒకనాడు ఆవిడ నన్ను చూపిస్తూ పక్కింటావిడతో, “షీడ్ హార్డ్‌లీ స్టార్టెడ్” అంది. హార్డ్ అంటే కష్టం కదా, ఎంత కష్టపడి మొదలుపెట్టానో చెబుతోందని నేను మురిసిపోయాను. పక్క మిషను దగ్గరి పిల్ల నా చెవిలో చెప్పింది: “నువ్వు ఇంకా మొదలుపెట్టనే లేదంట, అప్పుడే రిబ్బను పాడుచేసినావంట.” అలా హార్డ్‌లీ అనే మాట నాకు జన్మలో మరిచిపోకుండా వచ్చింది.

అప్పుడే నాకొక సంబంధం వచ్చింది. పిల్లవాడు అంతకుముందు దండులో పియానోలు, బీరువాలు అమ్మే ఒక దొర కంపెనీలో గుమాస్తాగా చేశాడన్నారు. దొరను అడిగి పిల్లవాడి గుణం కనుక్కురావాలి. ఇంగ్లీషు పని కనుక మామే బయలుదేరాడు. కోటు, తలపాగా, చేతిలో గొడుగు. వాన లేదు, గొడుగు మర్యాద కోసం.

సాయంత్రం తిరిగొచ్చి కుర్చీలో కూర్చుని మామ ప్రకటించాడు. “బావా, పిల్లోడు బంగారం. దొర నోటెంట వచ్చిన మాట చెప్తా విను. ‘హీడ్ హార్డ్‌లీ వర్క్‌డ్ హియర్’ అన్నాడు.”

“అంటే?” అన్నాడు నాయన.

“చానా కష్టపడి పని చేసినాడని. హ్యాడ్ మాత్రం దొర సరిగా పలకలా, మింగేసినాడు. వాళ్ళకి గ్రామరు అంతంతమాత్రమే. నేనే మనసులో సరిచేసుకున్నా. ఇంకొకటి గూడా అన్నాడు, పిల్లోడి పేరు తనకు తెలిసేలోపలే ‘హీడ్ ఆల్రెడీ లెఫ్ట్’ అని. ఎంత అణకువ చూడు బావా! దొర కంట్లో పడకుండా పని చేసుకొని పోయినాడు.”

నేను వంటింటి గడపలో నిలబడి, “మామా, హార్డ్‌లీ అంటే కష్టపడి అని కాదు. పని చేసిందే లేదని” అన్నాను.

“గ్రామరు నీకు తెలుసునా, నాకు తెలుసునా?”

“సుమ్నే ఉండవే, పెద్దోళ్ళు మాట్లాడతా ఉంటే” అంది అమ్మ. టైపు నేర్పించిన పాపం నాయనది కనుక, ఆయన వైపు ఒక చూపు చూసింది కూడా.

నేను ఊరుకున్నాను. ఊరుకున్నానంటే, ఆ సోమరిపోతును కట్టుకుని జీవితాంతం టైపు కొట్టి పోషించాల్సి వస్తుందని లోపల్లోపల ఏడ్చాను.

ఆదివారం వాళ్ళు చూపులకు వచ్చారు. పిల్లవాడు సన్నగా, పొడుగ్గా, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని ఉన్నాడు. సోమరిపోతులు ఎలా ఉంటారో నాకు తెలియదు కనుక ఇలాగే ఉంటారనుకున్నాను. మామ గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

“ఏమప్పా, మీ దొర నిన్ను చానా పొగిడినాడే! అంత కష్టపడి చేసినావంట?”

పిల్లవాడు ఉప్మా పళ్ళెం కింద పెట్టాడు. “ఆ దొరా? నన్నా? ఏమన్నాడో ఆ మాట అట్లనే చెప్పండి సార్.”

మామ చెప్పాడు, ఈసారి డ్ తీసేసి నిండుగా హ్యాడ్ పెట్టి. పిల్లవాడు నవ్వు ఆపుకోలేకపోయాడు.

“నిజమే చెప్పినాడు సార్. నేను ఆడ పని చేసిందే లేదు.”

వాళ్ళమ్మ అతని తొడ గిల్లడం నాకు తలుపు సందులోంచి కనబడింది. అతను ఆగలేదు.

“చేరి వారం గూడా తిరగలా. కుక్కను మైదానంలో తిప్పుకరమ్మన్నాడు. నేను లెక్కలు రాయడానికి వచ్చినా, కుక్కలు తిప్పడానికి కాదంటి. వాడు తిట్టినాడు. టోపీ తీసుకొని వచ్చేసినా.”

దొర మాటకు సరైన అర్థం చెప్పినదాన్ని నేనే. మనిషిని తప్పుగా కొలిచినదాన్నీ నేనే. ఎక్కడినుంచి వచ్చిందో ధైర్యం, తలుపు చాటునుంచే అడిగేశాను.

“ఇప్పుడు యాడ చేస్తా ఉండారు?”

పెళ్ళికూతురు మాట్లాడిందని అమ్మ నెత్తి కొట్టుకుంది. అతను మాత్రం తలుపుకేసి తిరిగి మర్యాదగా జవాబు చెప్పాడు. “యలహంకలో, కొత్తగా వేసిన విమానాల మైదానంలో. స్టోర్సు గుమాస్తా.”

“ఆడ కుక్కలు లేవా?”

“ఉండాయి. వాటికి వేరే మనిషి ఉండాడు.”

మొట్టమొదట నవ్వింది మా నాయన. ఆ నవ్వులోనే లేచి వెళ్ళి పిల్లవాడి భుజం తట్టి, “అబద్ధం చెప్పి ఉంటే మాకు తెలిసేది గూడా కాదు. ఈ పిల్లోడు చాలప్పా మాకు” అన్నాడు. అప్పటికే నేను మనసులో ఒప్పుకున్నాను. నన్నెవరూ అడగలేదు, అది వేరే సంగతి.

మామ ఓడిపోయాడని ఎవరూ అనుకోకండి. ఉప్మా ముగించి, చెయ్యి కడుక్కుని, తాపీగా తీర్పు చెప్పాడు: దొర హ్యాడ్ సరిగా పలికి ఉంటే ఈ గందరగోళమే ఉండేది కాదట. పెళ్ళినాడు ఆయన ఇంగ్లీషులో ఒక అభినందన పత్రం రాసుకొచ్చి చదివాడు. నేను ఎంత ‘స్లో’ పిల్లనో, అంటే ఆయన లెక్కన ఎంత నెమ్మదైన పిల్లనో, అందులో చాలాసేపు ఉంది. టైపు టీచరమ్మ ముందు వరసలో కూర్చుని మొదటినుంచి చివరిదాకా రుమాలు నోటికి అడ్డం పెట్టుకునే ఉంది. కన్నీళ్ళు ఆపుకుంటోందని అమ్మ అనుకుని, ఆవిడకు ఇంకో లడ్డు పంపించింది. ఆ మరుసటి ఏడు మామను హెడ్మాస్టరు చేశారు.