బోనం బరువు

ఎల్లారెడ్డి అంగడికి కుండలు మోసుకుపోయే ఆడవాళ్లలో భూదవ్వను దూరం నుంచే గుర్తుపట్టేవాళ్లు. మిగతావాళ్లు గంపకు ఒక చేయి వేసి నడిచేవాళ్లు. ఆమె రెండు చేతులూ వదిలేసి నడిచేది. నెత్తిన కుండల గంప ఉండగానే ఒంటికాలి మీద నిలబడి ముల్లు తీసుకునేది, వక్క కొరికేది, దారిలో ఎదురైనవాళ్లతో బేరం కూడా తెంపేది.

"నీ మెడల ఇనుప కడ్డి వెట్టి కన్నదానే మీ అవ్వ?" అని తోటివాళ్లు అడిగితే, "మీ అవ్వలు వెట్టుడు మరిచిండ్రు, నేనేం జేతు?" అనేది.

ఆ మెడ మీదనే ఇల్లు నిలబడింది. భర్త బాలమల్లుకు చిన్నప్పుడు జ్వరం వచ్చి ఒక కాలు సన్నబడిపోయింది. కుమ్మరి సారె ముందు కూర్చుంటే అతనంత పనివాడు లింగంపేట చుట్టుపక్కల లేడు గాని, పొలిమేర దాటి నడవలేడు. అతను చేసేవాడు, ఆమె మోసేది. ముగ్గురు పిల్లల్లో ఇద్దరిని ఒకే ఏడు అమ్మవారు తీసుకుపోయింది. మిగిలింది ముత్తవ్వ. పదేళ్లు దాటినా గాలికి ఊగే జొన్నకర్రలా ఉండేది.

కామారెడ్డి కల్లు గుత్తేదారు మోటారు కొన్న కొత్తలో అది దుమ్ము లేపుకుంటూ వస్తుంటే పిల్లలు చేలకు అడ్డంపడి ఉరికేవాళ్లు. ఆ ఎండాకాలం ఒక అంగడి నాడు అది భూదవ్వ వెనక నుంచి వచ్చింది. హారను విని ఆమె బాట దిగబోయింది. దిగేచోట కంకర కుప్ప పోసి ఉంది. ఇంకా పక్కకు జరిగే జాగా లేదు. నడిపేవాడు మెల్లగా పోనిచ్చినా సరిపోయేది, పోనివ్వలేదు. మోటారు తాకింది గంపనే. కాని గంప కింద మెడ ఉంది.

పెంకుల మధ్య పడి ఉన్న ఆమె చేతికి కాక, పక్కనున్న ఆడవాళ్ల చేతికి నడిపేవాడు కొన్ని రూపాయలిచ్చాడు. కుండల పైసలు అన్నాడు. లెక్కకు ఎక్కువే ఇచ్చాడని అంగట్లో అందరూ మెచ్చుకున్నారు.

ఆ రూపాయలు ఇంటికి చేరాక బాలమల్లు వాటిని ముట్టుకోలేదు. "కుండలకు ఇచ్చిండ్రు. మెడకెవరిస్తరు?" అన్నాడు.

కట్లు కట్టే మైసన్న వెదురుబద్దలు వేసి కట్టాడు. కట్టు విప్పాక చూస్తే మెడ నిటారుగానే ఉంది. చూసేవాళ్లకు ఏమీ తెలియదు. పక్కనున్నవాళ్లు పిలిస్తే మనిషి మనిషంతా తిరగాలి. నెత్తిన చెంబెడు నీళ్లు పెట్టినా నిప్పుకణిక ఒకటి మెడలోంచి భుజంలోకి, భుజంలోంచి వేళ్లలోకి దిగేది. ఆ తర్వాత కుడిచేయి ఉన్నట్టే తెలిసేది కాదు.

లింగంపేట బడిపంతులు స్వామిదాసు చెప్పిన మీదట, భార్యాభర్తలు ఊరిపెద్ద లింగయ్య పటేలు బండిలో కామారెడ్డి పోయి వకీలును కలిశారు. వకీలు అంతా విని, "ఎంతకు దావా వేద్దాం?" అని అడిగాడు.

"ఒక ఎద్దు, ఒక చిన్న బండి" అంది భూదవ్వ.

వకీలు నవ్వాడు. "దావాల ఎద్దును అడగరమ్మా. రూపాయలు అడుగుతరు."

"రూపాయలు నేనేం జేసుకోను వకీలుసాబు? కుండలు అంగడికి పోవాలె. ఇగ నా నెత్తి మీద పోవు. పిల్ల నెత్తికి ఎక్కనియ్య."

వకీలు నవ్వడం ఆపి కాగితం తీశాడు. వాళ్లు పోయేటప్పుడు ఒకటే చెప్పాడు: "దావా తెగేదాక నెత్తి మీద బరువు ఎత్తకు. నీళ్ల బిందె గూడ ఎత్తకు. గుత్తేదారు మనుషులు కండ్లల్ల ఒత్తులేసుకొని చూస్తుంటరు."

భూదవ్వ మాట తప్పలేదు. నీళ్లు చిన్న ముంతతో చంకన తెచ్చుకుంది. కట్టెలమోపు ముట్టలేదు.

శ్రావణంలో పోచమ్మ బోనాలు వచ్చాయి. ఆ ఊళ్లో మొదటి బోనం కుమ్మరి ఇంటి నుంచే లేవాలి. ఆ ఇంటి ముత్తయిదువే ఎత్తాలి. ఆ బోనం గడప దాటితే గాని మిగతా ఇండ్లలో ఒక్క బోనం కదలదు. బాలమల్లు ఆ ఏడు బోనం కుండను చిన్నగా, పలుచగా చేశాడు. ముందునాడు చూడవచ్చిన లింగయ్య పటేలు దాన్ని వేలితో తట్టి, "ఏందిర మల్లూ, గిది బోనమా, పిల్లలాడుకునే గురిగా? పోచమ్మ అవ్వకు ఒక్క పూట గూడ సాలదు" అన్నాడు.

"దానికి మెడ..." అని బాలమల్లు నసిగాడు.

"మెడ అవ్వ సూసుకుంటది. అవ్వ బోనం ఎవలన్న మోస్తర్రా? అవ్వే మోసుకుంటది."

భూదవ్వకు ఆ మాటలో తప్పేమీ కనబడలేదు. చిన్నప్పటినుంచి ఆమె విన్నదీ నమ్మిందీ అదే. బాలమల్లు మళ్లీ పెద్ద కుండ చేశాడు. అన్నం, బెల్లం, పైన దీపం, చుట్టూ వేపమండలు. డప్పుల వెనక ఊరంతా నడిచింది. గుడి చేరేదాకా భూదవ్వ చేయి వేయలేదు. వేద్దామన్నా కుడిచేయి లేవలేదు. గుడి దగ్గర బోనం దించాక ఆమె నవ్వుతూనే ఇంటికి వచ్చింది. గడప లోపల పడిపోయింది. చాలా రోజులు ముత్తవ్వే ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. జ్వరమని చెప్పుకున్నారు.

దావా చలికాలంలో విచారణకు వచ్చింది. మున్సిఫు ఉర్దూలో అడుగుతుంటే కచేరి గుమాస్తా పేష్కారు తెలుగులో చెప్పేవాడు. మోటారు తాకిన తర్వాత నెత్తిన బరువు ఎత్తావా అని అడిగారు. లేదు దొరా అంది. ఆమె తరఫున సాక్ష్యానికి లింగయ్య పటేలు కొత్త రుమాలు చుట్టుకొని నిలబడ్డాడు. ఆమె ఎంతటి పనిమంతురాలో చక్కగా చెప్పాడు. అప్పుడు గుత్తేదారు వకీలు లేచి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"మీ ఊర్ల మొదటి బోనం ఎవరిది పటేలా?"

"మా కుమ్మరోళ్లది."

"ఈ యేడు ఎవరెత్తిండ్రు?"

"ఇంకెవలు? మా భూదవ్వనే!" లింగయ్య గొంతు పెరిగింది. "ఊరంత తిరిగింది. చెయ్యి వెయ్యలె. దీపంల నూనె ఒక్క చుక్క తొణకలె. గసొంటి ఆడిది ఈ తాలూకల లేదు!"

అని మెచ్చుకోలు కోసం చుట్టూ చూశాడు. భూదవ్వ వకీలు కలం కింద పెట్టాడు. దిగి వచ్చి బాలమల్లు చెవిలో, "నేనేమన్న తప్పు చెప్పిన్నార?" అని అడిగాడు. బాలమల్లు తలవంచుకున్నాడు.

పేష్కారు భూదవ్వ వైపు తిరిగాడు. "బరువు ఎత్తలేదంటివి?"

"ఎత్తలె దొరా."

"బోనం ఎత్తలేదా?"

"ఎత్తిన. బోనం బరువెట్లయితది?"

వెనకెవరో నవ్వారు. మున్సిఫు నవ్వలేదు. ఆమెనే కాసేపు చూసి, భోజనం తర్వాత మళ్లీ అడుగుతానని లేచాడు.

కచేరి వరండాలో బాలమల్లు నోట జరిగిందంతా విని, వకీలు ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఇంక ఒకటే దారి ఉందమ్మా. బోనం ఎత్తినంక మంచం పట్టిన, చెయ్యి పడిపోయింది, బిడ్డ తినిపించింది అని చెప్పు. జరిగిందే గద?"

"జరిగిందే."

"మరి చెప్పుటానికేంది?"

భూదవ్వ ఒళ్లంతా తిప్పి చూసింది. కొంచెం దూరంలో లింగయ్య, ఊరివాళ్లు ఇద్దరు సద్దిమూట విప్పుకుంటున్నారు. ముత్తవ్వ వాళ్లకు నీళ్లు పోస్తోంది.

"అవ్వ బోనం ఎత్తితె పాణం మీదికొచ్చిందని ఈ నోటితోని ఎట్లనాలె సాబు? ఇద్దరిని ఇచ్చిన. ఇది ఒక్కతే ఉన్నది."

"అవ్వకు తెల్వదా నీ నొప్పి?"

"తెలుసు. తెలిసిన అవ్వను నలుగుర్ల వెట్టి దూరుతె ఊకుంటదా?"

వకీలు బాలమల్లు వైపు చూశాడు. "నువ్వన్న చెప్పవయ్యా."

బాలమల్లు భార్య ఎదురుగా వచ్చి నిలబడ్డాడు, ఆమె తిరగాల్సిన పని లేకుండా. "బండి పోతది" అన్నాడు మెల్లగా. "పిల్ల మోస్తది మరి."

"పిల్ల ఉంటదిగద" అంది భూదవ్వ.



లోపల మున్సిఫు ఒకటికి రెండుసార్లు అడిగించాడు. బోనం ఎత్తిన తర్వాత ఏమైనా బాధ కలిగిందా? దాచకుండా చెప్పమన్నాడు. రెండోసారి అడిగినప్పుడు భూదవ్వ పెదవులు కదిలాయి. వకీలు ముందుకు వంగాడు.

"ఏం గాలె దొరా" అంది. "అవ్వ దయ."

మెడకు నష్టం రుజువు కాలేదు, కుండల నష్టం అప్పుడే ముట్టింది గనుక దావా కొట్టేశారు. తిరుగుదారిలో లింగయ్య పటేలు బండి తోలుతూ, ఆ నడిపేవాణ్ని, వాడి తాతలను తిడుతూనే ఉన్నాడు. సదాశివనగర్ అంగట్లో ఎడ్లు అగ్గువకు దొరుకుతాయని కూడా చెప్పాడు. 

తర్వాతి అంగడి నాడు తెల్లవారుజామున బాలమల్లు గంప సర్దాడు. పెద్ద కుండలు పెట్టలేదు. గంప ఎత్తడానికి పొరుగింటి భూమక్క వచ్చి చేయి వేసింది. ముత్తవ్వ మోకాళ్లు ఒకసారి వణికి నిలబడ్డాయి.

"కిందికి సూడకు బిడ్డా. దూరం సూసుకుంట నడువు" అంది భూదవ్వ.

"బరువే లేదవ్వా!" అంది ముత్తవ్వ. మొదటి మలుపు దాకా ఏదో పాడింది కూడా. తర్వాత పాట ఆగింది. వెనక నడుస్తున్న భూదవ్వకు కూతురి మెడ వెనక నరాలు కనబడుతున్నాయి. రెండు చేతులూ గంపను పట్టుకొని, పిల్ల నోటితో గాలి పీల్చుకుంటోంది.

బాట మీద ముందూ వెనకా ఎవరూ లేరు. ఎల్లారెడ్డి ఇంకా చాలా దూరం.

"అవ్వా, జరసేపు దించుతవా?"

భూదవ్వ చేతులు అప్పటికే సగం లేచాయి. కుడిచేయి భుజం దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

"దించొచ్చు బిడ్డా" అంది. "మల్ల ఎత్తేటోళ్లు లేరు."

ముత్తవ్వ కాసేపు నిలబడింది. మళ్లీ నడిచింది.