ఒక్కసారికే నోటికొచ్చిన వాక్యం

వాదంలో ఓడిపోయినవాడికి రెండో బిస్కెట్ పెట్టి మరీ పంపింది ఆలైడ్. హాలండులోని డెవెంటర్‌లో, ఆ వీధిలో, కాఫీతో ఒక్క బిస్కెట్ ఇచ్చి డబ్బా మూత బిగించేయడం తాతల నాటి మర్యాద. రెండోది పెట్టారంటే పెళ్లిభోజనం కిందే లెక్క. పక్కింటి ముసలామె ద్రీకా ఆ ముచ్చట కళ్లారా చూసింది. బుధవారం పదింటి కాఫీకి ఆలైడ్ ఇంటికి రావడం ఆమెకు ఎప్పటినుంచో ఉన్న ఒప్పందం.

ఓడినవాడి పేరు యోస్ట్. అనువాదాల కంపెనీ మనిషి. మనసు జబ్బుల డాక్టర్లు డచ్చిలో రాసినవి తెచ్చి ఆలైడ్ చేత ఇంగ్లీషు చేయిస్తాడు.

"మాటకు మాట పెట్టమన్నాను కదండీ. 'మోసే శక్తి', 'మోసే బరువు' అని డాక్టరు శుభ్రంగా రాశాడు. మీ ఇంగ్లీషులో ఆ రెండూ కనబడవేం?"

"ఇది చదివేదెవరు?"

"డాక్టరు చూస్తున్న కుర్రాడి తల్లి. ఇంగ్లండులో, లీడ్స్‌లో ఉంటుంది."

"మరి ఆవిడ కొడుకు గాడిదా, లారీయా? మన దగ్గర ఆ మాటలు అమ్మమ్మలు కూడా అంటారు. అక్కడ ఎవరి నోటా రావు. 'వాడు తట్టుకోగలిగినదానికన్నా ఎక్కువే వాడి మీద పడింది' అంటే ఆ తల్లికి తెలుస్తుంది. నీకేది కావాలి యోస్ట్, డాక్టరు మాటలు దక్కడమా, తల్లికి కొడుకు అర్థం కావడమా?"

యోస్ట్ చల్లారిన కాఫీ తాగేశాడు. "అలాగే ఉంచండి" అన్నాడు. అప్పుడు తెరుచుకుంది డబ్బా మూత. ఇంగ్లీషు ముక్క రాని ద్రీకాకి కూడా ఎవరు గెలిచారో వేరే చెప్పక్కర్లేకపోయింది.

ద్రీకా చిన్నతనంలోనే బడి మానేసి లాండ్రీలో దుప్పట్లు పిండిన మనిషి. చదువుకున్నవాళ్లను చూసి గొడుగు దించే రకం కాదు. "మాటలెక్కువ తెలిసినవాడికి అబద్ధాలకీ అంతే సౌకర్యం" అనేది. కానీ ఆలైడ్ పనిచేసే తీరు ఆమెకు నచ్చింది. ఆ పిల్ల కూర్చుని రాసేది కాదు. లేచి నిలబడి, వంటింట్లో ఎవరో ఉన్నట్టు ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో పైకి అనేది. నాలుకకు అడ్డం పడితే మళ్లీ అనేది. ఇంకోలా అనేది. గొంతులోంచి మంచినీళ్లలా దిగినప్పుడే కూర్చుని రాసేది. ఏ వాక్యమూ ఒక్కసారికి లొంగి ఎరగదు. గోడకి ఇవతల ద్రీకాకి ఆ గొణుగుడు గడియారం చప్పుడులా అలవాటైపోయింది.

ఆలైడ్ ఐసెల్ నదిలో సరుకు పడవ నడిపినవాడి కూతురు. వయసులో ఉండగా ఇంగ్లండులో ఎవరింట్లోనో పిల్లల్ని చూసుకునే పనికి పోయి ఆ భాష పట్టుకొచ్చింది. తన పాత మనసు జబ్బు సంగతి ఎత్తేది కాదు గానీ వీధికంతా తెలుసు. ఒక ఏడాది ఆకులు రాలే కాలంలో అంబులెన్సు వచ్చి తీసుకుపోతే, చిగుళ్లు వేశాక గానీ ఇల్లు చేరలేదు. పోయేముందు ఆ ఇంటి కర్టెన్లు మూసే ఉన్నాయి. ఆ వీధిలో పగటిపూట ముందుగది కర్టెన్లు ఎవరూ మూయరు. మూస్తే చావైనా ఉండాలి, సిగ్గుపడే పనైనా ఉండాలి.

ఈ ఏడు మళ్లీ ఆకులు రాలుతున్న రోజుల్లో, ఆ లీడ్స్ తల్లి కొడుకుదే ఇంకో కాగితం వచ్చింది.

"సిగ్నల్ దీపాల్లాంటిది పిన్నీ" అని చెప్పింది ఆలైడ్ ఒక బుధవారం. "పచ్చ, నారింజ, ఎరుపు. మనిషి బాగున్నప్పుడే డాక్టరు పక్కన కూర్చుని రాసుకోవాలి. నేను మళ్లీ జబ్బులోకి జారిపోతుంటే ఎలా కనబడతాను, అప్పుడు నావాళ్లు ఏం చేయాలి, అన్నీ."

"జారేవాడు చెప్పి జారతాడా?"

ఆలైడ్ నవ్వలేదు. ద్రీకా అది గమనించింది.

ఆ తర్వాత గోడవతల గొణుగుడు తగ్గింది. ఆపైన ఆగిపోయింది. సోమవారం పొద్దున ద్రీకా చెత్త పడేయడానికి బయటికొచ్చి చూస్తే పక్కింటి కర్టెన్లు మూసి ఉన్నాయి.

చెత్తసంచి చేతిలో ఉండగానే ఆ గుమ్మం దాకా వెళ్లింది. అయినా బెల్లు కొట్టలేదు. తనను రమ్మన్నది బుధవారం. చెప్పాపెట్టకుండా తలుపు తట్టేది పోలీసులూ, మంటలార్పేవాళ్లూ. పుట్టినరోజుకైనా ముందు అడిగి వెళ్లే జనం వాళ్లు. మంగళవారం కూడా మూసే ఉన్నాయి. ద్రీకా గోడకి చెవి ఆనించింది. కుళాయి చప్పుడు లేదు. కుర్చీ జరిగిన చప్పుడు లేదు. తన గుండె చప్పుడే వినబడి, చెవి తీసేసుకుంది.

బుధవారం పది కొట్టగానే, తేనె రొట్టె చేతపట్టుకుని, మంచి కోటు వేసుకుని బెల్లు కొట్టింది. పలుకు లేదు. మళ్లీ కొట్టింది. సెలవుల్లో మొక్కలకు నీళ్లు పోయమని ఆలైడ్ ఇచ్చిన తాళంచెవి కోటు జేబులో ఉంది. దానితో తలుపు తీసుకుని లోపలికి వెళ్లింది.

చీకట్లో, వంటింటి నేల మీద, కోటు వేసుకుని కూర్చుని ఉంది ఆలైడ్. బతికే ఉంది.

"బాగానే ఉన్నాను పిన్నీ."

"బాగున్నవాళ్లు కుర్చీలుండగా నేల మీద కూర్చుంటారా?" అని అరిచింది ద్రీకా. అరిచి, మంచి కోటుతోనే తనూ పక్కన నేల మీద కూర్చుంది.

ఆలైడ్ చెప్పుకొచ్చింది. "ఆ లీడ్స్ తల్లి కొడుకు కాగితంలో, నారింజ రంగు కింద ఒక వాక్యం ఉంది. 'కర్టెన్లు తీయను, ఎవరడిగినా బాగానే ఉన్నానంటాను.' లేచి నిలబడి ఇంగ్లీషులో అన్నాను. ఒక్కసారికే వచ్చేసింది పిన్నీ. నాలుకకు ఎక్కడా తగల్లేదు. అప్పుడు చూస్తే నా కర్టెన్లు మూసి ఉన్నాయి. ఎప్పుడు మూశానో గుర్తు లేదు."

ద్రీకా రొట్టె తుంచి ఆమె చేతిలో పెట్టింది. ఆ చేతిని ఒకసారి గట్టిగా పట్టుకుంది. "తిను ముందు. ఎరుపు దాకా పోలేదు కదా?"

"లేదు. కానీ ఈసారి పోతే తిరిగొస్తానో రానో." ఆలైడ్ ముక్క నమిలింది. "వాడి కాగితం అడుగున తల్లి పేరుంది, వాణ్ణి పట్టించుకునే మనిషిగా. నాకెవరూ లేరు."

"గోడవతల ఉన్న నేనేం, దయ్యాన్నా?"

"అందుకే అడుగుతున్నాను." ఆలైడ్ ఆమె కోటు చెయ్యి పట్టుకుంది. "పొద్దున పది దాటాక నా కర్టెన్ మూసి ఉంటే, బుధవారం కాకపోయినా రా. బెల్లు కొట్టకు, తాళం తీసుకుని లోపలికి రా. బాగానే ఉన్నానంటే నమ్మకు, తిట్టు. ఆ తర్వాత నా డాక్టరుకు ఫోన్ చెయ్యి. నేను వద్దని కాళ్లు పట్టుకుని ఏడ్చినా సరే, చెయ్యి."