కంప్యూటర్‌లో నాన్న గీసిన కొండ

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట. ఆఫీసులో మధ్యాహ్నం క్యారియర్లు విప్పగానే ఎవరో ఒకరు మొదలుపెడతారు. నేను చెయ్యి కడుక్కునే వంకతో లేచిపోతాను. దెయ్యాలున్నాయని నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. అందుకే ఈ సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. మా ఇంటికి వచ్చిన మొదటి కంప్యూటర్ గురించి ఎవరైనా అడిగితే, మంచి మెషీనే అని ఊరుకునేదాన్ని.

అది విశాఖపట్నం నుంచి ఓడలో మా దీవికి వచ్చింది. అప్పుడే నేను డెలానీపూర్‌లో ఒక ఆఫీసులో తాత్కాలిక టైపిస్టుగా చేరాను. కంప్యూటర్ నేర్చుకుంటేనే ఉద్యోగం నిలుస్తుందని ఎవరో అన్నారు. ఆ మాట పట్టుకుని నాన్న తెప్పించాడు. నాన్నది చేపల వేట, చదువు లేదు. ఓడలో మావయ్య ఆ అట్టపెట్టెల పక్కనే పడుకుని వచ్చాడట. అమ్మ కొత్త పడవకి పెట్టినట్టే మానిటర్‌కి పసుపు రాసి బొట్టు పెట్టింది. ఆ గదిలోకి చెప్పులు విడిచి వెళ్ళేవాళ్ళం.

ఒక ఆదివారం పొద్దున్న బొమ్మలేసే పెయింట్ ప్రోగ్రాం తెరిచి, మౌస్ నాన్న చేతికిచ్చాను. వల తాళ్ళు లాగి లాగి కాయలు కాసిన ఆ అరచేతి కింద మౌస్ కనిపించనే లేదు. గంటన్నర కదలకుండా కూర్చున్నాడు. కింద నీళ్ళు, ఒడ్డున నాలుగు కొబ్బరిచెట్లు, వెనక పెద్ద కొండ, పక్కన ఒక టవరు గీశాడు. గీతలన్నీ వంకరటింకరగా వణికాయి. అది ఏ ఊరో నాకు అర్థం కాలేదు.

"మన మిన్నీ బేయే గదే! పడవ మీంచి ఇలాగే కనబడతాది," అన్నాడు నాన్న. "ఈ కొండా, ఆ టవరూ ఒక్క గీతలోకొస్తే అక్కడ వల ఎయ్యాల. కొండ పొట్టిదవతంటే దూరం పోతన్నామని లెక్క."

నేను పుట్టింది ఈ దీవిలోనే. కానీ మా వాళ్ళు ఆడపిల్లల్ని వేట పడవ ఎక్కనివ్వరు. నాన్న రోజూ చూసే ఊరు ఎలా ఉంటుందో నాకు ఆ బొమ్మలోనే తెలిసింది.

రెండు నెలల తర్వాత, గాలీ వానా లేని ఒక రోజు, నాన్న ఒక్కడే చిన్న పడవలో వేటకి వెళ్ళాడు. తిరిగి రాలేదు. వెతకాల్సిన వాళ్ళంతా వెతికారు. చెక్కముక్క కూడా దొరకలేదు.

తుష్నాబాద్ నుంచి పెద్దనాన్న రెండు రోజులకోసారి బస్సులో వచ్చి కూర్చునేవాడు. "ఎన్నాళ్ళిలాగ ఒగ్గీస్తాం? జరిగిందేదో జరిగిపోనాది. కర్మ కానిచ్చీయాల," అనేవాడు. కర్మ చేయడమంటే నాన్న పోయాడని ఒప్పుకోవడం. అమ్మ బొట్టు తీయనని మొండికేసింది. నేనూ అమ్మ వైపే. బర్మా దిక్కుకి కొట్టుకుపోయి, నెలల తర్వాత ఇంటికి చేరినవాళ్ళు లేకపోలేదు. ఆ ఆశ ఒక్కటే మాకు మిగిలింది. పెద్దనాన్నని నానా మాటలూ అన్నాను. దాంతో చుట్టాల రాకపోకలు తగ్గిపోయాయి. ఇంట్లో ఇద్దరమే మిగిలాం, ఆ ఇద్దరమూ సరిగ్గా మాట్లాడుకునేవాళ్ళం కాదు.

ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి నాన్న బొమ్మ తెరిచాను. కొండ చిన్నదైనట్టు అనిపించింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు పాడయ్యాయనుకున్నాను. అయినా స్కేలు తెచ్చి మానిటర్ అద్దం మీద పెట్టి కొలిచాను. రెండు అంగుళాలుంది. నాలుగు రోజుల తర్వాత కొలిస్తే ఒకటిన్నర. టవరు సన్నబడింది, కొబ్బరిచెట్లు చుక్కలయ్యాయి. బొమ్మ మొత్తాన్ని కుదిస్తే చుట్టూ తెల్లజాగా మిగలాలి. ఇక్కడ అలా లేదు. కొండ తగ్గినంత మేరా నీళ్ళు పెరిగాయి. గీతల్లో వణుకు మాత్రం అదే.

ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేసే భయ్యాని అడిగాను. "దీదీ, ఫైల్ అప్నే ఆప్ ఎలా మారుతుంది? ఇంట్లో ఎవరో గీస్తున్నారు," అని నవ్వాడు. దానంతటది మారదని నాకూ తెలుసు. కానీ ఇంట్లో ఉన్నది అమ్మ ఒక్కతే. అమ్మకి స్విచ్ వేయడం కూడా రాదు. అయినా అనుమానం తీరక, మర్నాడు కరెంటు వైరు పీకి నా సంచిలో వేసుకుని ఆఫీసుకి వెళ్ళాను. సాయంత్రం తగిలించి చూస్తే కొండ ఇంకాస్త తగ్గింది.

అమ్మకి చెప్పకూడదనుకున్నాను. వెనక నిలబడిందని చూసుకోలేదు. "కొండ పొట్టిదయిపోనాది గదే," అంది మెల్లగా.

అప్పట్నుంచి నన్ను టీ కూడా తాగనిచ్చేది కాదు. గుమ్మంలో అడుగు పెట్టగానే "ఎయ్యవే" అనేది. చీర చెంగుతో అద్దం తుడిచి, స్టూలు లాక్కుని పక్కన కూర్చునేది. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో మాకు భయం వేయలేదు. సంతోషంగానే ఉండేది. నాన్న ఎక్కడో ఉన్నాడు, ఇటే చూస్తున్నాడు అనిపించేది. దూరం పోతున్నాడని ఇద్దరికీ తెలుసు. ఆ మాట మాత్రం ఎవరమూ అనలేదు.

ఒక రోజు బొమ్మలో కొండ లేదు. ఒడ్డు లేదు. అంతా నీళ్ళే.

అమ్మ చాలాసేపు చూసింది. "ఇంక మీ నాన్నకి మనం కనబడమే," అంది. ఏడవలేదు. మర్నాడు తనే పెద్దనాన్నకి కబురు పంపింది. పోయిన తేదీ ఏదో తెలియకుండానే కర్మ జరిగింది. బొట్టు ఎవరి చేతా తీయించుకోలేదు, తనే తుడుచుకుంది.

వైరు నా సంచిలో ఉండగా ఆ బొమ్మ ఎలా మారిందో నాకు ఇప్పటికీ తెలీదు. తెలిసినవాళ్ళని అడిగాను, మెషీన్ విప్పించాను. ఎవరూ చెప్పలేకపోయారు. నిద్రలో నేనే గీశానేమో అని కూడా ఆలోచించాను. కానీ నాకు ఆ కొండ గీయడం రాదు. ఆ సంగతి నాకు గట్టిగా తెలుసు.

ఎందుకంటే చుట్టాలంతా వెళ్ళిపోయాక ఒక మధ్యాహ్నం ఆ నీళ్ళ మీద కొండని మళ్ళీ గీద్దామని కూర్చున్నాను. నాన్నకి మా ఇల్లు కనబడాలి, అంతే నా కోరిక. ఎన్నిసార్లు గీసినా అది మా పెరట్లోంచి కనిపించే కొండే అయింది. సముద్రం మీంచి ఊరు ఎలా ఉంటుందో చూసిన మనిషి మా ఇంట్లో ఇక లేడు. చివరికి మూసేస్తుంటే, మార్పులు సేవ్ చేయాలా అని కంప్యూటర్ అడిగింది. వద్దని నొక్కాను.