గోడ మీద జిలేబీలు

మొన్న బెజవాడ ఎగ్జిబిషన్‌లో ఒక బర్మా టేకు పెట్టె చూశాను. మూత మీద గుండ్రటి బర్మా అక్షరాలు. చూడగానే నోట్లో పాకం రుచి తగిలింది.

డెబ్బైల్లో తిరువూరు బస్టాండు ఎదురుగా, మా ఇంటి పక్కనే ఒక లాడ్జి ఉండేది. రంగూన్ నుంచి వచ్చేసిన దంపతులు నడిపేవాళ్లు. గోడ మీద తెలుగులో పేరు, దాని కింద వరసగా నీలం రంగు జిలేబీలు. వాన వెలిస్తే చాలు, రంగూన్ పిన్ని స్టూలెక్కి వాటికి మళ్లీ రంగు దిద్దేది.

“పిన్నీ, మీ దగ్గర జిలేబీలు అమ్ముతారా?” అని అడిగానొకసారి.

“అవి మా పెద్దాడికమ్మా,” అంది.

ఆ పెద్దాణ్ణి నేనెప్పుడూ చూడలేదు. అన్నీ వాడొక్కడికేనా అని ఉడుక్కున్నాను.

బేరాల్లేక లాడ్జి మూతబడింది. మంచాలు లారీకెక్కాయి. పిన్ని మాత్రం స్టూలు దిగకుండా ఇంకో వరస జిలేబీలు పెడుతోంది.

“ఖాళీ చేస్తున్నాంగా, ఇంకెవరికే అది?” అన్నాడు బాబాయి.

“ఎక్కడికెళ్తున్నామో రాయొద్దూ,” అంది వెనక్కి తిరగకుండానే.

రంగూన్‌లో ఓడ ఎక్కేటప్పుడు వాళ్ల పెద్దాడు జనంలో తప్పిపోయాడనీ, వాడికి తిరువూరు అన్న ఊరి పేరు తెలుసుగానీ తెలుగు చదవడం రాదనీ చాలా ఏళ్ల తర్వాత అమ్మ చెప్పింది.

కొత్తగా దిగిన సైకిల్ షాపాయన మర్నాడే ఆ గోడకి సున్నం కొట్టించాడు. తడారేసరికి నీలం మళ్లీ పైకి తేలింది. “ఏం మొండి రంగురా ఇది,” అని విసుక్కుంటూ ఇంకో పూత వేయించాడు.