పది రోజుల్లో పాలు మాన్పించాలి

బైండరమ్మ అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. ప్రింటింగు ప్రెస్సు వెనక గదిలో పన్నెండేళ్ళు పుస్తకాలు కుట్టింది. అచ్చయిన ఫారాలు మడిచి, వరసగా పేర్చి, దారంతో కుట్టి, వీపుకి జిగురు రాసి బరువు కింద పెట్టడం ఆమె పని. పేజీలు తారుమారైన పుస్తకం ఆమె చేతిమీదుగా ఒక్కటీ బయటికి పోలేదని ఓనరే చెప్పేవాడు. భర్త ముందుగదిలో మెషీను నడిపేవాడు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి పాప పుట్టింది. కాగితాల కట్టల మధ్య చాప వేసి పాపని పడుకోబెట్టుకునేది. ఏడిస్తే సూది దారపుండకి గుచ్చి, గోడకి జారగిలబడి పాలిచ్చేది. ఆ కాసేపూ మెషీను చప్పుడు కూడా ఆమెకి వినపడేది కాదట.

పాపకి పదో నెల వచ్చేసరికి ఎడమ రొమ్ములో గట్టిగా ఏదో చేతికి తగిలింది. పాలు గడ్డకట్టాయి, వేడినీళ్ళ గుడ్డ వేసుకోమన్నారు అందరూ. నెలన్నర వేసుకుంది. గడ్డ కరగలేదు సరికదా, చంకలోకి పాకింది. అప్పుడు పెద్దాసుపత్రికి వెళ్ళారు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ కాగితాల్లోంచి తలెత్తకుండానే అడిగింది.

"పాపకి పాలెన్నాళ్ళు ఇద్దామనుకుంటున్నారు?"

"దానంతటది మానేదాకా అండీ."

"అంత టైము లేదమ్మా. పది రోజుల్లో మాన్పించెయ్యండి. పదకొండో రోజు మందు ఎక్కిస్తాం. ఆ తర్వాత ఒక్క చుక్క కూడా పాప నోట్లోకి పోకూడదు."

జబ్బు గురించి ఆవిడ ఇంకా చాలా చెప్పింది. బైండరమ్మ చెవిన పడింది పది రోజులనే మాటొక్కటే. బస్టాపులో నిలబడి భర్తని అడిగింది. "పది రోజులంటే ఇవాళ్టితో కలిపా, రేపట్నించా?"

అతనికీ తెలియదు. "రేపట్నించే" అన్నాడు. ఆమెకి తను ఇవ్వగలిగింది ఆ ఒక్క రోజే.

పక్కింటి ముసలావిడ చేదు రాయమంది. చేదుమాత్ర నూరి రాసుకుంది. పాప నోరు పెట్టి, మొహమంతా ముడుచుకుని, నాలుక బయటపెట్టి తల్లి మొహంలోకి చూసింది. తప్పు ఇంకెవరిదో అన్నట్టు, తల్లికే చాడీ చెబుతున్నట్టు చూసింది. తర్వాత ఏడుస్తూనే మళ్ళీ పట్టుకుంది. ఆ చేదుతోనే తాగుతోంటే చూడలేక, బైండరమ్మ తడిగుడ్డతో తుడిచేసి ఇచ్చింది. మూడు రోజులు అలాగే పోయాయి.

నాలుగో రోజు ఆడపడుచు వచ్చింది. సిటీ బస్సు కండక్టరు, ఒంటరి మనిషి. పెద్ద నోరు. నెల రోజులు సెలవు పెట్టి, పాలగ్లాసూ చెంచా చేతపట్టుకునే గుమ్మం ఎక్కింది.

"నువ్వు కళ్ళెదురుగా ఉంటే ఇది చచ్చినా తాగదు వదినా. వంటింట్లోకి పో. తలుపేసుకో."

బైండరమ్మ లోపల గడియ పెట్టుకుని తలుపుకి వీపు ఆనించి కూర్చుంది. అవతల పాప పాక్కుంటూ వచ్చి తలుపు బాదింది. బాది బాది, కింది సందులోంచి నాలుగు వేళ్ళు లోపలికి పెట్టింది. ఆ వేళ్ళు నేలమీద వెతుక్కుంటూ కదులుతుంటే ఆమె కాళ్ళు దగ్గరికి లాక్కుంది. రవిక తడిసిపోయింది. నోట్లో కొంగు కుక్కుకుంది.

అవతల ఆడపడుచు గొంతు. "పదండి పదండి, ముందుకి జరగండి, లోపల బోలెడు ఖాళీ ఉంది. నోరు తెరవ్వే తల్లీ. టిక్కెట్టు లేనోళ్ళు కూడా ఇంత మొండికెయ్యరు."

ఆ రోజు తాగిందంతా ఉమ్మేసింది. మర్నాడు మూడు చెంచాలు దిగాయి. ఏడో రోజు సాయంత్రం అవతల్నించి పాప నవ్వు వినపడింది, కితకితలు పెడితే నవ్వే నవ్వు. అన్ని రోజుల ఏడుపు విని కూడా కదలని మనిషి అప్పుడు లేచింది. గడియ మీద చెయ్యి వేసింది. తియ్యలేదు.

పదో రోజు మధ్యాహ్నం ఆడపడుచుని బతిమాలింది. "ఒక్కసారి ఇస్తాను. ఆఖరుసారి."

"ఇచ్చుకో వదినా, వద్దనడానికి నేనెవర్ని? రేపట్నించి దాని ఏడుపు మళ్ళీ మొదటికొస్తుంది. రేపు నువ్వు ఇక్కడ ఉండవు."

బైండరమ్మ స్నానాలగదిలోకి వెళ్ళి తూము దగ్గర పాలు పిండేసి, చెంబుడు నీళ్ళు పోసి వచ్చింది.

మందులు, ఆపరేషను, మళ్ళీ మందులు. ఏడు నెలలు పట్టింది. ఆడపడుచు సెలవు పొడిగించుకుంటూ అక్కడే ఉండిపోయింది. బైండరమ్మ జుట్టు రాలిన తలకి గుడ్డ చుట్టుకుని ఇంటికొచ్చినప్పుడల్లా పాప మేనత్త భుజంలో మొహం దాచుకునేది. నడక మేనత్త చెయ్యి పట్టుకునే నేర్చింది. మాటలు వచ్చాక, మేనత్త పిలిచినట్టే తల్లిని "వదినా" అనేది. ఇంటికొచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. బైండరమ్మ కూడా నవ్వి "ఆఁ" అని పలికేది. సరిదిద్దమని ఎవరినీ అడగలేదు.

ఆపరేషనయిన నాలుగు నెలలకి, జబ్బు ఎముకలకి పాకిందని, ఏడాదికి అటూ ఇటూ అని చెప్పారు. ఆ సాయంత్రం ఆడపడుచు సంచి సర్దుకుంది.

"పదిహేను రోజులు మా ఇంటికి పోతాను. నేను లేకపోతే నీ దగ్గరికే వస్తుంది. ఎత్తుకో, పక్కలో వేసుకో. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు?"

బైండరమ్మ సంచిలోంచి బట్టలు ఒక్కొక్కటే తీసి మళ్ళీ అలమారలో పెట్టింది.

"అలవాటు చేస్తే మళ్ళీ మాన్పించాలి కదమ్మా. అప్పుడు తలుపెనకాల నేను కూడా ఉండను. ఒకసారి మాన్పించాను. ఇంక నావల్ల కాదు."

ఆ తర్వాత ఒంటిపూట ప్రెస్సుకి వెళ్ళేది. ఎడమ చెయ్యి వాచిపోయి సూది పట్టనిచ్చేది కాదు కనుక మడతలు మాత్రం పెట్టేది. పాప నిద్రపోయే వేళకి ఇంటికొచ్చి, మంచానికి మూరెడు దూరంలో నేలమీద కూర్చునేది. ముట్టుకునేది కాదు. పాప కదిలితే లేచి వంటింట్లోకి పోయేది. భర్త ఒకసారి చూసి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వెళ్ళిపోయాడు.

ఏడాది అన్నారు గానీ అంత పట్టలేదు. తొమ్మిదో నెలలో ఒక ఉదయం ఆమె పోయింది. ఇంటినిండా జనం. పాప వేళకి అన్నం తింది, వేళకి నిద్రపోయింది, లేచి ఆడుకుంది.

చాన్నాళ్ళ తర్వాత ఆ కండక్టరమ్మే నాకు ఇదంతా చెప్పింది. "వదిన కోరుకున్నట్టే జరిగింది. కానీ ఆ రోజంతా నేను దాని మొహమే చూస్తూ కూర్చున్నాను. ఒక్కసారి వెతుకుతుందేమో, ఒక్కసారి ఏడుస్తుందేమో అని. ఏడవలేదండీ."